ఇరవై నిమిషాలు మరిగించిన నీళ్ళు

ఆ సరస్సు పేరు క్లియర్ లేక్. పేరు పెట్టిన మహానుభావుడు ఏ జనవరిలోనో వచ్చి ఉంటాడు. ఆగస్టులో వచ్చి ఉంటే ముక్కు మూసుకుని, నోటికొచ్చిన పేరేదో పెట్టి, వచ్చిన దారినే పోయేవాడు. ఆగస్టులో ఒడ్డు పొడుగునా రంగు డబ్బాలు బోర్లించినట్టు పచ్చటి నాచు పేరుకుంటుంది. ఎండకు అది విరిగి నీలంగా, తెల్లగా మారి పందుల దొడ్డి వాసన వేస్తుంది. అయినా విల్లో లేన్‌లోని ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ ఆ నీళ్ళే తాగేవారు. ఊరి కుళాయి గొట్టం వాళ్ళదాకా రాలేదు. ఎవరి గొట్టం వాళ్ళు సరస్సులోకి వేసుకున్నారు, ఎవరి పంపు వాళ్ళది.

అంత ధైర్యంగా తాగడానికి కారణం ఆ వీధి చివరి ఇంట్లో ఉండే వర్జిల్ బ్రన్సన్. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. అవతలి ఒడ్డున ఉన్న ఊళ్ళో నీటి ప్లాంటును ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపి రిటైరయ్యాడు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో తన నీళ్ళు తాగిన ఒక్క మనిషికి కూడా కడుపునొప్పి రాలేదని ఆయన మాట. ఎవరూ లెక్క తీయలేదు గనక కాదనేవాళ్ళూ లేరు.

లేన్‌కు వచ్చిన ఏడాదే ఆయన ఒక కాగితం రాశాడు. ముందు ట్యాంకులో బ్లీచ్ పోయాలి, ఆ తర్వాతే ఫిల్టరు. వాసన వస్తే బ్లీచ్ రెట్టింపు చేయాలి. తాగే నీళ్ళు పది నిమిషాలు మరగాలి, పసిపిల్లలకైతే ఇరవై. కింద తేదీ, సంతకం. దాన్ని నకళ్ళు తీయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇంటింటికీ పంచాడు. ఇరవై రెండు వంటిళ్ళలోనూ సింకు పైన ఆ కాగితమే ఉండేది. కొన్ని ఇళ్ళలో దాని పక్కనే మేరీమాత పటం కూడా ఉండేది. ఆ రెండింటిలో దేనిమీద నమ్మకం ఎక్కువో చెప్పడం కష్టం.

ఆ ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున కార్లీన్ వచ్చింది. ఆమె అమెరికా ఆదివాసుల్లో పోమో తెగ మనిషి, తెగవాళ్ళ పర్యావరణ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ సరస్సు ఒడ్డున అందరికన్నా ముందునుంచీ ఉన్నది ఆ తెగవాళ్ళే. చేపలు చచ్చి తేలుతుంటే ఎవరో ఒకరు వచ్చి చూడకపోతారా అని చూసి చూసి, విసిగి, చివరికి తామే సీసాలు పట్టుకుని బయల్దేరారు.

"మీ కుళాయి నీళ్ళు ఒక సీసాడు కావాలండీ," అంది కార్లీన్ గుమ్మంలో నిలబడి. "ఈ లేన్‌లో ఏ తలుపు తట్టినా ‘వర్జిల్‌ని అడుగు’ అంటున్నారు. అందుకే మీ దగ్గరికొచ్చా."

"సరైన మాటే చెప్పారు. నా నీళ్ళకేం రోగం?"

"రోగం ఉందో లేదో చూద్దామనే."

"నువ్వు పుట్టకముందు నుంచీ నేను నీళ్ళు శుభ్రం చేస్తున్నానమ్మాయ్."

"తెలుసు. నాలుగో క్లాసులో మమ్మల్ని మీ ప్లాంటు చూపించడానికి తీసుకొచ్చారు. మీరు తలా ఒక గ్లాసు నీళ్ళిచ్చి, ఇవి తాగితే గుర్రాలైపోతారన్నారు."

లోపల వంటింట్లోంచి వర్జిల్ భార్య నాడీన్ గొంతు వినిపించింది. "అయ్యావా మరి?"

"గాడిదనయ్యానండీ. ఎండలో సీసాలు మోస్తున్నా."

నాడీన్ నవ్వింది. వర్జిల్ నవ్వలేదు. కార్లీన్ అతని ట్యాంకు వైపూ, దాని పక్కన వరసగా పెట్టిన బ్లీచ్ డబ్బాల వైపూ చూస్తోంది. ఆ చూపు ఆయనకు నచ్చలేదు.

"ఒక మాట చెప్పనా," అంది కార్లీన్. "మనం నాచు నాచంటాం గానీ ఇది అసలు నాచు కాదు, బాక్టీరియా. విషం దాని కడుపులో ఉంటుంది. బతికున్నంతసేపూ చాలావరకు లోపలే ఉంటుంది. మీరు ముందే బ్లీచ్ పోస్తే అది పగులుతుంది."

"పగలాలనే పోస్తున్నా. చచ్చినదాన్ని ఫిల్టరు పట్టేస్తుంది."

"శవాన్ని పడుతుంది. కడుపులోంచి కారిన విషాన్ని పట్టదు."

"ఆ తర్వాత మరిగిస్తాంగా."

"మరిగిస్తే క్రిములు చస్తాయి. ఇది క్రిమి కాదు, విషం. దీనికి చావు లేదు. సూపు ఇగిరేకొద్దీ ఉప్పెక్కదూ? అదే ఇది కూడా."

వర్జిల్ మొహం జేవురించింది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆయన. నాలుగో కాలు చూపించినవాళ్ళ మీద కోపం రావడం సహజం. కానీ ఆయన తలుపు వేసేసే రకం కూడా కాదు. కాదన్నవాళ్ళ చేత ఔననిపించి గానీ అన్నం తినడు.

"సీసా ఒకటి కాదు, నాలుగివ్వు," అన్నాడు. "నేనే నింపుతా. నింపడం కూడా వచ్చుండాలి."

మొదటి సీసాలో సరస్సు నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు పట్టాడు. రెండో దాంట్లో బ్లీచ్ తగలకుండా కేవలం ఫిల్టరులోంచి వచ్చినవి, మూడో దాంట్లో తన కుళాయి నీళ్ళు. నాలుగోది ఆయన సొంత ఆలోచన. కుళాయి నీళ్ళు గిన్నెలో పోసి, నాడీన్ గుడ్లుడకబెట్టే గడియారం పక్కన పెట్టి, సరిగ్గా ఇరవై నిమిషాలు మరిగించి, చల్లార్చి నింపాడు. పసిపిల్లల పద్ధతి అన్నమాట. నాలుగింటి మీదా తేదీ, వేళ, సంతకం రాశాడు.

"నాలుగో సీసాలో ఏమీ లేదని తేలిన రోజు," అన్నాడు, "మీ ఆఫీసుకొచ్చి అందరి ముందూ నీ చేత క్షమాపణ చెప్పించుకుంటా."

"సరే. మరి మీరోడితే?"

ఓడిపోవడమన్న ఆలోచనే వర్జిల్‌కు రాలేదు.

"ఫలితం రావడానికి ఆరు రోజులు పడుతుంది," అంది కార్లీన్ సీసాలు మంచుపెట్టెలో సర్దుతూ. "అందాకా బయట కొన్న నీళ్ళే తాగండి. లేన్‌లో వాళ్ళకీ చెప్పా గానీ ఎవరూ వినడం లేదు. మీరు చెబితే వింటారు."

ఆయన చెప్పలేదు. చెప్పకపోగా, అదే రోజు సాయంత్రం అంతకన్నా ఘోరమైన పని చేశాడు.

వీధి మొదట్లో నాలుగో ఇంట్లో మరిసోల్ అనే అమ్మాయి ఉంటుంది. పియర్ పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో పని. భర్త లారీ మీద పోతే రెండు వారాలకోసారి ఇల్లు చూస్తాడు. వాళ్ళకు ఐదు నెలల కొడుకు, పేరు ఎలియాస్. జూన్‌లో షెడ్డు పని మొదలైనప్పుడు మరిసోల్ వాడికి పోతపాలు అలవాటు చేసి పనికెక్కింది. పగలంతా అత్తగారు ఒఫేలియా పాలపొడి కలిపి పడుతుంది. ఆ సాయంత్రం మరిసోల్ పనినుంచి వస్తూ వర్జిల్ ఇంటిముందు కారాపింది.

"దోన్ వర్జిల్," అంది. తన ఊరి మర్యాద ప్రకారం ఆయన్నెప్పుడూ అలాగే పిలుస్తుంది. "ఆ ఆఫీసావిడ ఏదో అంటోంది. నాకు సగమే అర్థమైంది. బాబు పాలకి ఈ నీళ్ళు పరవాలేదా?"

"కాగితంలో ఏముంది?"

"ఇరవై నిమిషాలు."

"అయితే ఇరవై నిమిషాలే. నీకంత భయంగా ఉంటే ఇంకో పది వెయ్యి."

మరిసోల్ మొహం తేటపడింది. "మీరన్నారంటే చాలు," అని కారు పోనిచ్చింది.

ఆ తర్వాతి సోమవారం కార్లీన్ ఫోన్ చేయకుండా మనిషే వచ్చింది. గుర్రాల మాటా గాడిదల మాటా ఎత్తలేదు. వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఆయనవైపు తిప్పింది.

"లీటరుకి మైక్రోగ్రాముల్లో లెక్క ఇది. పసిపిల్లలకి హద్దు సున్నా పాయింటు మూడు," అంది. "పెద్దవాళ్ళకి ఒకటీ పాయింటు ఆరు. అంతకు మించితే తాగకూడదు."

మొదటి సీసా, సరస్సు నీళ్ళు, నాలుగు పాయింటు ఒకటి. రెండోది, ఫిల్టరు మాత్రమే తగిలినవి, సున్నా పాయింటు రెండు. మూడోది ఆయన కుళాయి నీళ్ళు, ఒకటీ పాయింటు నాలుగు. నాలుగో సీసా, పసిపిల్లల పద్ధతి, రెండు పాయింటు ఒకటి.

వర్జిల్ మూడుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివాడు.

"ల్యాబువాళ్ళు పొరబడ్డారు."

"మీరా మాటంటారనే రెండుసార్లు చేయించా. రెండు కాగితాలూ ఉన్నాయి."

"అయితే రెండోది మంచిదేగా. బ్లీచ్ మానేసి ఉత్త ఫిల్టరు—"

"ఆరోజుకి. రేపు నాచు ఇంకో గాలికి కొట్టుకొస్తే అదీ చాలదు. ఫిల్టరు నమ్ముకుని తాగే నీళ్ళు కావివి. మరిగించినా, చల్లార్చినా."

ఆయన లేచి వెనక సామాన్ల కొట్టులోకి వెళ్ళాడు. ప్లాంటు రోజులనాటి పరీక్షపెట్టె తీసి, ట్యాంకు నీళ్ళు గాజుగొట్టంలో పట్టి, రంగుచుక్కలు వేసి వెలుతురుకు ఎత్తి చూశాడు. నీళ్ళ క్షారగుణం చెప్పే పీహెచ్ అంకె తొమ్మిది దాటింది. నాచు పొంగిన వేసవిలో అది పెరుగుతుందని ఆయనకు తెలుసు. అది పెరిగితే క్లోరిన్ పళ్ళు మొద్దుబారతాయనీ తెలుసు. అంటే తన బ్లీచ్‌కు ఆ జీవి పొట్ట పగలగొట్టే సత్తువ ఉంది గానీ, కారిన విషాన్ని కాల్చే సత్తువ లేదు. తనకు తెలిసిన రెండు ముక్కలూ ముప్ఫై ఏళ్ళుగా తలలో చెరో మూల పడి ఉన్నాయి. ఒక్కరోజూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆయన అక్కడే బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

ప్లాంటులో కూడా ఆయన హయాంలో క్లోరిన్ ముందే పోసేవారు. ఆయన దిగిపోయాక వచ్చినవాళ్ళు ఆ వరస మార్చారు. ముందు తేర్చి, బొగ్గుపొడి వేసి, వడగట్టి, క్లోరిన్ ఆఖరికి పెట్టారు. కాలేజీ కుర్రకుంకలు నీళ్ళకు కూడా పాఠాలు చెబుతున్నారని వర్జిల్ క్షౌరశాలలో కూర్చుని పదిమందిని నవ్వించాడు. ఆ నవ్వులన్నీ ఇప్పుడు ఆయనకే వచ్చి తగులుతున్నాయి. అయితే ముప్ఫై ఒక్క ఏళ్ళ సంగతి తర్వాతైనా ఏడవచ్చు. గిన్నె పొయ్యి మీదున్న ఇల్లొకటి ఈ వీధిలోనే ఉంది.

నాడీన్ కొట్టు గుమ్మంలోకి వచ్చింది. కాగితం ఆమె చేతిలో ఉంది. నెల రోజులుగా ఆమెకు కడుపులో తిప్పుతోంది. పియర్ పళ్ళ గారెలు ఎక్కువ తిన్నావని మొగుడు ఎగతాళి చేస్తూ వచ్చాడు.

"నలభై తొమ్మిదేళ్ళుగా నీ నీళ్ళు తాగుతున్నా," అంది నాడీన్. "నేను చావలేదు. నేను మొండిఘటాన్ని. ఆ పసివాడికి నా అంత మొండితనం ఉంటుందా? లే."

వర్జిల్ లేచాడు. కార్లీన్ వెనకాల ఏదో చెబుతోంది, మీ తప్పు కాదు, ఎవరికీ తెలీదు అని. అవేవీ ఆయన చెవికెక్కలేదు. ట్రక్కు తీస్తే రెండు నిమిషాలు పట్టే దూరాన్ని ఆ డెబ్బై నాలుగేళ్ళ మనిషి నడకా పరుగూ కాని వేగంతో దాటాడు.

మరిసోల్ షెడ్డులో ఉంది. తలుపు తీసింది ఒఫేలియా. ఆమెకు ఇంగ్లీషు రాదు. వర్జిల్‌కు వచ్చిన స్పానిష్ మొత్తం నాలుగు మాటలు: నమస్కారం, థ్యాంక్స్, నీళ్ళు, చెడ్డ. ఆగ్వా, అంటే నీళ్ళు, ప్లాంటు గోడమీది బోర్డు నేర్పింది. మాలో, అంటే చెడ్డ, కౌబాయ్ సినిమాలు నేర్పాయి.

ఒఫేలియా ఆయన్ని చూసి సంబరపడింది. కాగితం రాసిన పెద్దమనిషి ఇంటికొచ్చాడు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి చూపించింది. గిన్నెలో నీళ్ళు కుతకుతమంటున్నాయి, సగానికి దిగిపోయాయి. గోడ గడియారం చూపించి మూడుసార్లు పదివేళ్ళూ చాపింది. ముప్ఫై నిమిషాలు. మీరు చెప్పినదానికన్నా నేను ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు, చూడండి అన్నట్టు నవ్వింది. బల్ల మీద నాలుగు పాలసీసాలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. చంకలో ఎలియాస్ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

వర్జిల్ పొయ్యి ఆర్పాడు. గిన్నె ఎత్తి నీళ్ళు సింకులో కుమ్మరించాడు. నాలుగు సీసాల మూతలూ తీసి పాలు కూడా పారబోశాడు. ఒఫేలియా మొదట నివ్వెరపోయింది. తర్వాత అరవడం మొదలుపెట్టింది. ఆకలితో ఉన్న మనవడి పాలు పారబోసే మగవాణ్ణి ఏ నాయనమ్మ చూస్తూ ఊరుకుంటుంది? ఆమె చీపురందుకుంది. ఆయన పక్కకు తప్పుకోలేదు.

"ఆగ్వా," అన్నాడు కుళాయి చూపించి. "మాలో."

ఆమె తల అడ్డంగా ఊపి కాగితం చూపించింది. నీళ్ళు చెడ్డవైతే కావచ్చు, కాగితం ఉందిగా.

ఆయన గోడమీంచి ఆ కాగితాన్ని పెరికాడు. చింపబోతే ప్లాస్టిక్ తొడుగు చిరగలేదు. పదకొండేళ్ళ కిందట అది చిరగకూడదనే వేయించాడు. దాన్ని రెండు చేతులతో నలిపి కాలికింద వేసి తొక్కాడు. తర్వాత తన గుండె మీద అరచేత్తో కొట్టుకున్నాడు.

"మాలో," అన్నాడు. "వర్జిల్. మాలో."

ఒఫేలియా చీపురు దించింది. నేలమీది కాగితంలో సంతకం వైపు చూసింది, ఆయనవైపు చూసింది, చేతిలో బిడ్డవైపు చూసింది. ఆమెకు అర్థమైంది. కుర్చీలో కూర్చుని బిడ్డను గట్టిగా హత్తుకుంది. ఆ చూపు కన్నా చీపురుదెబ్బే నయమనిపించింది వర్జిల్‌కు. అంతలో కార్లీన్ తన వ్యానులోంచి మంచినీళ్ళ డబ్బా మోసుకుంటూ వచ్చింది. సీసా కడిగి పాలు కలిపి ఇచ్చాక గానీ ఎలియాస్ ఏడుపు ఆపలేదు.

అక్కడినుంచి వర్జిల్ ఫోన్ చేయలేదు. ట్రక్కు తీసుకుని పియర్ షెడ్డుకే వెళ్ళాడు. పళ్ళు కదిలే పట్టీ పక్కన, తలకు వలలు కట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ వరసలో మరిసోల్ ఉంది. ఆయన్ని చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"బాబుకేమైంది?"

"ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ నేను నీకు తప్పు చెప్పానమ్మా. ఆ ఆఫీసావిడ చెప్పిందే నిజం. నీళ్ళలో విషం ఉంది. నేను చెప్పినట్టు బ్లీచ్ పోస్తే బయటికొస్తుంది. మరిగిస్తే చిక్కబడుతుంది."

"మీరు ఇంకో పది నిమిషాలు వెయ్యమన్నారు."

"అన్నాను."

"మా అత్తకి నేనే చెప్పా. ముప్ఫై నిమిషాలు, ఒక్కటి కూడా తగ్గించొద్దని." పట్టీ మీద పళ్ళు ఆమెను దాటిపోతున్నాయి. పక్కనున్నావిడ చెయ్యి చాచి ఆమె వంతు కూడా ఏరసాగింది. "ఎన్నాళ్ళనుంచి?"

"నాచు జులై మొదట్లో పొంగింది. ఆరు వారాలు, ఇంకో రెండ్రోజులు ఎక్కువ."

మరిసోల్ ఏడవలేదు, తిట్టలేదు. చేతి తొడుగులు ఒక్కొక్కటే విప్పి జేబులో పెట్టుకుంది.

"డాక్టరుకి ఏం చెప్పాలో రాసివ్వండి," అంది. "ఈసారి సరిగ్గా రాయండి."

ఆయన ట్రక్కు ముందుభాగం మీద కాగితం పెట్టి రాశాడు. విషం పేరు, నాలుగు అంకెలు, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని సీసాలు. చివర్లో, సలహా ఇచ్చింది నేనే అని రాసి సంతకం పెట్టాడు. అక్షరం తప్పుపోకుండా రాశాడు.

ఆసుపత్రిలో బిడ్డ నెత్తురు తీశారు. ఆ విషం దెబ్బతీసే కాలేయం అంకె ఉండాల్సినదానికన్నా పైనే ఉందన్నారు. నీళ్ళవల్లేనా అంటే ఔనని గానీ కాదని గానీ డాక్టరు చెప్పలేదు. రెండు వారాలు మంచినీళ్ళతోనే పాలు పట్టమనీ, మళ్ళీ పరీక్ష చేస్తామనీ, తగ్గితే సరి, తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపుతామనీ అన్నాడు. ఆ మాటలు మరిసోల్ వర్జిల్‌కు ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పింది, లోపలికి రమ్మనలేదు.

మర్నాటినుంచి వర్జిల్ రెండు పనులు పెట్టుకున్నాడు. పొద్దున్నే సరస్సు చుట్టూ తిరిగి తన పాత ప్లాంటుకు వెళ్ళి, బయటి కుళాయి దగ్గర డబ్బాలు నింపుకొచ్చి, ఏడింటికల్లా మరిసోల్ గుమ్మంలో రెండు దించడం మొదటిది. మిగిలిన ఇళ్ళలో కాగితాలు ఊడబీకడం రెండోది.

ప్లాంటులో ఇప్పుడున్న ఆపరేటరు మొదటిరోజు బయటికొచ్చి పలకరించాడు.

"మీరు క్లోరిన్ చివరికి ఎందుకు మార్చారో నేనెప్పుడూ అడగలేదు," అన్నాడు వర్జిల్.

"మేం చెప్పాం సర్. మీరే వినలేదు."

"ఇప్పుడు చెప్పు. వింటా."

డబ్బాలు నిండేదాకా అతను చెప్పాడు. వర్జిల్ ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. నాడీన్‌కు చెబితే నమ్మలేదు.

రెండో పని మొదటిదానికన్నా కష్టమైంది. ఒకావిడ తలుపు మొహాన వేసింది. ఒకాయన నవ్వి, పదేళ్ళుగా తాగుతున్నా, ఎద్దులా ఉన్నా, పొమ్మన్నాడు. వర్జిల్ పోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. గంటన్నర కూర్చుంటే ఆయన విసుగెత్తి కాగితం తెచ్చి ఒళ్ళో పడేశాడు. ప్రతి ఇంట్లోనూ అవే మాటలు చెప్పాలి: నేను రాసింది తప్పు, తాగకండి, మరిగించకండి, మంచినీళ్ళు తెగవాళ్ళ ఆఫీసు బండిలో వస్తున్నాయి, నేనూ తెస్తాను. పదో ఇంటికల్లా గొంతు బొంగురుపోయింది గానీ మాట మారలేదు.

పదిహేడో ఇల్లు డ్వైట్‌ది. చేపలవేటకు వచ్చేవాళ్ళను పడవలో తిప్పేవాడు, వర్జిల్‌కు పాత నేస్తం. కాగితం మారుమాటాడకుండా ఇచ్చేశాడు గానీ, వర్జిల్‌ను పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు. "ఎవడైనా తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకుంటాడా? రూలు మారింది, కొత్త రూలొచ్చింది, అందుకే కాగితాలు తీసేస్తున్నామని చెప్పు. సగం నిజమేగా. జనం ఊరుకుంటారు. నీ పేరూ నిలుస్తుంది."

ఆ మాట వర్జిల్‌కు తీయగా ఉంది. ఐదు ఇళ్ళు మిగిలాయి. అక్కడైనా తల కొట్టేసినట్టు నిలబడక్కర్లేదు.

"రూలు మారిందంటే," అన్నాడు చివరికి, "వచ్చే ఏడాది రూలు మళ్ళీ మారిందేమోనని ఎవడో బ్లీచ్ డబ్బా తీస్తాడు. వర్జిల్ తప్పు చేశాడంటే తియ్యడు. అది గుర్తుంటుంది."

"నిన్ను గుర్తుపెట్టుకునేది అలాగా?"

"ఎలాగోలా గుర్తుండాలిగా," అని వర్జిల్ లేచి, పద్దెనిమిదో ఇంటికి వెళ్ళాడు.

నాలుగు రోజుల్లో ఇరవై రెండు కాగితాలూ చేతికొచ్చాయి. తన ఇంట్లోదే ఆఖరిది. దాన్ని నాడీన్ తీసింది. తన నెత్తురు కూడా పరీక్షకిచ్చింది. అంకె కాస్త పైనుంది, రోజూ మందుబిళ్ళలు గుప్పెడు మింగే ముసలిదాన్ని నాకంతే ఉంటుందిలే అని నవ్వేసింది. వర్జిల్ నవ్వలేకపోయాడు. అన్నం సయించడం లేదు. పొద్దున్నే డబ్బాలు దించేటప్పుడు లోపల ఎలియాస్ ఏడుపు వినిపిస్తే ప్రాణం కుదుటపడేది. వినిపించని రోజు, మధ్యాహ్నం దాకా ఏ పనీ తోచేది కాదు. మరిసోల్ తలుపు తీసేది, డబ్బాలు లోపలికి లాక్కునేది, తలుపు వేసేది. పద్నాలుగు రోజుల్లో ఆయన్ని దోన్ అని ఒక్కసారీ పిలవలేదు. ఆయన వెళ్ళడం ఒక్కరోజూ మానలేదు.

రెండోసారి నెత్తురు తీసినరోజు సోమవారం. ఆ మధ్యాహ్నం వర్జిల్ ట్రక్కులో ఖాళీ డబ్బాలు సర్దుతుంటే మరిసోల్ నడుచుకుంటూ వచ్చింది. తల వల ఇంకా తీయలేదు, షెడ్డునుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టుంది. చేతిలో కాగితం ఉంది. వర్జిల్ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"తగ్గింది," అంది మరిసోల్. "పూర్తిగా కాదు. సగానికి పైగా దిగింది. ఇలాగే ఉంటే పెద్దాసుపత్రి అక్కర్లేదన్నారు."

వర్జిల్ ట్రక్కు వెనక అంచు మీద కూర్చున్నాడు. కూర్చుని మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, వీధిలో, పట్టపగలు, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు. మరిసోల్ ఆపమనలేదు, భుజం తట్టలేదు. మీ తప్పు లేదని కూడా అనలేదు. ఆయన ఏడుపు ఆపేదాకా అక్కడే నిలబడింది.

"రేపటి నుంచి నాకు పొద్దుటి షిఫ్టు," అంది తర్వాత. "ఏడింటికి నేనుండను. ఆరింటికి తేగలరా?"

"తెస్తా."

"మా అత్త చిక్కుడుగింజలు కూడా మీరు తెచ్చే నీళ్ళతోనే ఉడకబెట్టాలంటోంది. రెండు డబ్బాలు చాలడం లేదు."

"ఎన్ని కావాలి?"

"మూడు," అంది మరిసోల్. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "తలుపు తీసే ఉంటుంది, దోన్ వర్జిల్. గుమ్మంలో దించకండి, లోపలికి లాగితే మా అత్తకి నడుం పట్టేస్తుంది. లోపల పొయ్యి దగ్గర పెట్టండి," అని వెళ్ళిపోయింది.